చప్పుడు లేని పెట్టె

ఏ యంత్రం దగ్గరికి వెళ్లినా మేస్త్రీ ముందు అరచేయి ఆనిస్తాడు. మీట నొక్కడు, మూత తీయడు, ఎవరినీ అడగడు. ఫ్రిజ్ పక్కన నిలబడితే ఫ్రిజ్ మీద, బస్సులో కూర్చుంటే కిటికీ కింది రేకు మీద, మనవరాలికి దగ్గొస్తే దాని వీపు మీద. కళ్లు సగం మూసి, తల ఒక పక్కకి వంచి, చేతిని అలాగే ఉంచుతాడు. ఆ తర్వాతే మాట.

"బాగానే ఉంది." లేదంటే, "ఎక్కడో వదులైంది."

ఆయన బట్టల మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. బతుకులో సగానికి పైగా ఆ షెడ్డులోనే గడిచింది. మగ్గాలన్నీ ఆడుతుంటే పక్కన నిలబడ్డవాడు గొంతు చించుకున్నా వినపడేది కాదు. చెవి పనికిరాని చోట అరచేయే చెవి అయింది. తర్వాత మిల్లు మూసేశారు. మేస్త్రీ అన్న పిలుపు మిగిలింది, చెవులు సరిగా మిగల్లేదు. ఎదురుగా నిలబడి గట్టిగా చెబితే వినిపిస్తుంది. సన్నటి చప్పుళ్లు మాత్రం ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. ఈల, గాజుల చప్పుడు, దోమ. దోమ పోయినందుకు తనకేమీ బాధ లేదంటాడు.

ఆయన భార్యదీ అదే మిల్లు. నూలు చుట్టే విభాగంలో పని. ఆవిడ చెవులదీ అదే కథ. మిల్లు మనుషులు షెడ్డులో చేతులతో, పెదవులతో మాట్లాడుకునేవాళ్లు. చూపుడువేలు గాలిలో చుడితే మగ్గం నడుస్తోందని. రెండు వేళ్లు కలిపి ఠక్కున విడదీస్తే దారం తెగిందని. అరచేయి బోర్లించి కిందికి దించితే, ఆపు అని. మిగతాదంతా ఎదుటివాళ్ల పెదవులు చూసి పట్టుకోవడమే. షెడ్డు ఆ చివర మేనేజరు ఎవరిని తిడుతున్నాడో ఈ చివర మేస్త్రీ పొల్లుపోకుండా చెప్పేవాడు. వాళ్లిద్దరూ పెళ్లికి ముందు ఒకరి గొంతు ఒకరు వినకుండానే ప్రేమించుకున్నారని కొడుకు ఎగతాళి చేస్తాడు. అందులో అబద్ధం లేదు. ఇప్పటికీ వంటింట్లో ఆవిడ, హాల్లో ఆయన చేతులతోనే సంసారం నడుపుతారు.

ఇలాంటి ఇంట్లో నెమ్మదితనం ఎక్కడినుంచి వస్తుంది? గిన్నె పెడితే గిన్నె పగిలినట్టుండేది. తలుపు వేయడమంటే తలుపును కొట్టడమే. గోడ అదిరితేనే తలుపు పడినట్టు లెక్క. కొడుకు ఆ మోతలోనే పెరిగాడు. ఊళ్ల మధ్య తిరిగే బస్సుకి డ్రైవరు. మాట్లాడితే మాట పక్క వీధిదాకా టికెట్ తీసుకున్నట్టుంటుంది.

ఈ ఇంటికి ఒక కోడలొచ్చింది. పుస్తకం పేజీ తిప్పినా పక్క గదిలో వినిపించే ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. కాపురానికి వచ్చిన కొత్తలో తలుపు పడినప్పుడల్లా ఉలిక్కిపడేది. తర్వాత ఉలికిపాటు మానేసింది. గొంతు మాత్రం పెంచలేదు. చిత్రమేమంటే, ఇంట్లో అందరికంటే ఆమె మాటే మేస్త్రీకి బాగా తెలిసేది. కొడుకు అరుస్తాడు గాని పెదవులు కదపడు. కోడలు అరవదు, ఒక్కో అక్షరాన్నీ పెదవుల మీద దిద్ది ఇస్తుంది.

కోడలిది సినిమాలు కూర్చే పని. హీరోలు, పాటలు ఉండే సినిమాలు కావు. ఎవరో అడవుల్లో నెలల తరబడి కూర్చుని తీసుకొచ్చిన బొమ్మల్ని కోసి, అతికించి, ఒక కథగా చేస్తుంది. మొదటిసారి ఆ పనేమిటో చెప్పినప్పుడు మేస్త్రీ కాసేపు తెర వంక చూశాడు.

"తెగినచోట ముడి కనబడకూడదు. అంతేనా తల్లీ?"

"అంతే మామయ్యా."

"అయితే మాదీ అదే పని."

ఆ ఏడు కోడలికి పెద్ద పని వచ్చింది. అడవి పిట్టల మీద ఒక సినిమా. తీసినావిడను ఇంట్లో అందరూ పిట్టలావిడ అనేవాళ్లు. ఆవిడ తెచ్చి ఇచ్చిన బొమ్మలన్నీ సామాన్ల గదిలో, అరమీద, ఒక డిస్కుల పెట్టెలో ఉన్నాయి. కోడలి బల్ల వెనక గదిలో, అద్దాల తలుపు వెనక ఉంది. ఆ రెంటినీ కలిపేది సామాన్ల గదిలోనే ఉన్న ఒక చిన్న ప్లాస్టిక్ స్విచ్. ఇంట్లోకొచ్చే ఇంటర్నెట్ తీగ, డిస్కుల పెట్టె, కంప్యూటరు, టీవీ, అన్నీ వచ్చి అక్కడే కలుసుకోవాలి. నాలుగు దారులు కలిసే కూడలి లాంటిది. మామూలు రోజుల్లో దానితో ఏ పేచీ లేదు. ఈ పిట్టల బొమ్మలు మాత్రం మహా బరువు. ఆ ఇరుకు కూడలిలో ఇరుక్కుపోయేవి. రెక్క ఎత్తిన పిట్ట తెరమీద ఎత్తిన రెక్కతోనే ఉండిపోయేది. కోడలు చేతులు కట్టుకుని, అది రెక్క దించేదాకా కూర్చునేది.

పిట్టలావిడ ఒక మాట చెప్పింది. మా ఆఫీసుకి వచ్చేయ్, ఇక్కడ వేగమైన యంత్రాలున్నాయి, గది ఇస్తాం, నాలుగైదు నెలలు ఉండి పూర్తిచేసి వెళ్లు అని. పిట్టలావిడ ఆఫీసు రైల్లో ఒక రాత్రి ప్రయాణం.

కోడలు ఆ సంగతి అన్నాల దగ్గర చెప్పింది. "చిట్టిని తీసుకెళ్తే దాని బడి పోతుంది. వదిలేసి వెళ్తే నా నిద్ర పోతుంది. స్విచ్ మార్చి చూస్తానని వారం గడువడిగాను. అప్పటికీ కుదరకపోతే వెళ్లక తప్పదు."

చిట్టి ఒకటో తరగతి. తనను గురించిన మాట అని తెలిసి అన్నం కలపడం ఆపి అందరి మొహాలూ చూసింది.

కోడలు లేని ఇల్లు మేస్త్రీ కళ్లముందు మెదిలింది. చిట్టి సాయంత్రాలు కిటికీ దగ్గరే నిలబడుతుంది. కొడుకు డ్యూటీ నుంచి వచ్చి, తిని, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఇక తనతో ఒక్కో మాటా పెదవుల మీద దిద్ది చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఇదంతా నోటితో చెప్పే మనిషి కాడు.

"ఆ కూడలేదో వెడల్పు చేస్తే పోలా?" అన్నాడు.

"వెడల్పు చెయ్యి మరి," అంది భార్య. "ఆ పిల్ల వెళ్లిపోతే నీ చేతులాటకి నేనొక్కదాన్నే దిక్కు. నాకు అవతల కూరలు తరగాలి."

మర్నాడే షాపుకి పోదామనుకున్నారు. తెల్లారేసరికి చిట్టికి జ్వరం. కొడుకు బస్సు మీద ఉన్నాడు. మేస్త్రీ చెప్పులేసుకున్నాడు.

"నేను తెస్తాను. ఏం కావాలో చెప్పు."

కోడలు చెప్పింది. పది గిగాబిట్ వేగంతో నడిచే రంధ్రాలు రెండు ఉండాలి, ఒకటి డిస్కుల పెట్టెకి, ఒకటి తనకి. మిగతావి మామూలువైనా చాలు. గోడలో ఉన్న తీగ మంచిదే, దాన్ని కదపక్కర్లేదు.

"రెండు పెద్ద గేట్లు, మిగతావి చిన్న గేట్లు," అన్నాడు మేస్త్రీ.

"సరిగ్గా చెప్పారు."

అన్నీ చెప్పింది. ఒక్కటి చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని కూడా ఆమెకు తోచలేదు. నీళ్లు తెమ్మన్నప్పుడు తడిగా ఉన్నవి చూసి తెమ్మని ఎవరైనా చెబుతారా?

షాపులో అరలన్నీ తీగల చుట్టలే. గల్లా వెనక ఒకావిడ చెవి వెనక స్క్రూడ్రైవరు పెట్టుకుని కూర్చుని ఉంది. మేస్త్రీ రెండు గేట్ల సంగతి చెప్పగానే ఆవిడకు అర్థమైంది. రెండు పెట్టెలు తెచ్చి ముందు పెట్టింది.

ఒకటి కొత్తది. పుస్తకమంత రేకు డబ్బా, పక్కల నిండా గాట్లు. రెండోది ఏదో పెద్ద ఆఫీసులో పనిచేసి వచ్చిన పాతది. ట్రేలాగా పొడుగ్గా, రంధ్రాలు బారులు తీరి, వెనక రెండు ఫ్యాన్లతో ఉంది. పనిలో రెండూ ఒకటే, ఇంటికి ఏదైనా సరిపోతుంది, ధరలో కూడా పెద్ద తేడా లేదు అంది ఆవిడ.

మేస్త్రీ చిన్నదాన్ని ఒంటి చేత్తో లేపాడు. ఠక్కున లేచింది. అది ఆయనకు నచ్చలేదు. పెద్దదాన్ని లేపాడు. రెండు చేతులూ కావలసివచ్చింది. అది నచ్చింది.

"ఇది ఒకసారి నడిపి చూపిస్తారా అమ్మా?"

ఆవిడ కరెంటు ఇచ్చింది. మేస్త్రీ అరచేయి ఆనించాడు. లోపల సన్నగా, ఎడతెగకుండా, ఒకే తీరున తిరుగుతోంది. ఎక్కడా వదులు లేదు. ఎన్నాళ్లయిందో అరచేతికి అలాంటి కబురు తగిలి. కళ్లు మూసుకున్నాడు.

షాపావిడ ఆయన భుజం తట్టింది. ఆయన కళ్లు తెరిచేదాకా ఆగి, గట్టిగా చెప్పింది. "ఇది కాస్త చప్పుడు చేస్తుందండీ. ఇంట్లోకంటే ఆలోచించుకోండి."

మేస్త్రీ నవ్వాడు. "చప్పుడా? మాకా? నేను మగ్గాల కింద పడుకుని నిద్రపోయినవాణ్ణమ్మా."

"మరి రెండోది అసలు చప్పుడే చెయ్యదు. ఫ్యాన్ లేదు."

"చప్పుడు చెయ్యనిది పనిచేస్తోందో లేదో ఎట్లా తెలుస్తుంది?"

షాపావిడ చిన్నదాన్ని మళ్లీ ముందుకి తోసేలోగానే ఆయన పెద్దదాన్ని చంకనెత్తుకున్నాడు.

ఇంట్లో భార్య దాన్ని చూసి నడుం మీద చేతులేసుకుంది. "కూడలి తెమ్మంటే ఊరు తెచ్చావేమయ్యా. దీనికేమన్నా భోజనం పెట్టాలా?"

"కరెంటు తింటుంది."

"నీకంటే నయం. రుచులడగదు."

సామాన్ల గదిలో అర ఖాళీ చేసి, తళతళలాడేలా తుడిచి, మేస్త్రీ పెట్టెను ఎక్కించాడు. డిస్కుల పెట్టెకి, దీనికి మధ్య లోహపు తలలున్న పొట్టి నల్ల తీగ వేశాడు. కోడలి గది నుంచి గోడలోపలగా వచ్చే తీగను రెండో పెద్ద గేటుకి తగిలించాడు. కరెంటు ఇచ్చాడు. దీపాలు వరసగా వెలిగాయి. కోడలి తీగ దగ్గర మాత్రం ఆకుపచ్చకి బదులు కాషాయం వెలిగింది.

కోడలు అప్పుడే చిట్టిని నిద్రపుచ్చి వచ్చి గుమ్మంలో నిలబడింది. తల కొద్దిగా వెనక్కి వాల్చి, కనుబొమలు ముడిచి, గది పైకప్పు వంక చూసింది. పిట్ట గొంతు ఎక్కడినుంచి వస్తోందో వెతికేటప్పుడు ఆమె అలాగే చూస్తుంది. మేస్త్రీ అది సంబరమనుకున్నాడు.

"ఈ ఒక్క దీపమే మొండికేస్తోందమ్మా."

ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత దగ్గరికొచ్చి వంగి చూసింది. "తీగ చివరి ప్లగ్ సరిగా కుదిరినట్టు లేదు మామయ్యా. అందుకే తక్కువ వేగం మీద కలిసింది. కోసి కొత్తది వేద్దాం."

ఆ ప్లగ్ ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ వేసిందే. ఆ మాట ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనలేదు. ఆయన తీగ కొస కోసి, తొడుగు ఒలిచి, లోపలి రంగు రంగుల సన్న తీగల్ని విడదీశాడు. కోడలు వరస చెబుతుంటే ఆయన ఆమె పెదవుల వంక ఒకసారి, వేళ్ల వంక ఒకసారి చూస్తూ పేర్చాడు. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం. "నూలుక్కూడా ఇంత గోల లేదు," అన్నాడు. కొసలన్నీ ఒకే ఎత్తున కత్తిరించి, ప్లగ్‌లోకి తోసి, పటకారుతో నొక్కాడు. తగిలించాడు. కాషాయం ఆరింది. ఆకుపచ్చ వెలిగింది.

వెనక గదిలో తెరమీద పిట్ట రెక్క ఎత్తింది. రెక్క దించింది. చెరువు దాటి వెళ్లిపోయింది.

"మామయ్యా," అంది కోడలు. "ఇంత వేగం పిట్టలావిడ ఆఫీసులో కూడా ఉండదు." ఆమె ముఖంలో వెలుగు నిజమే. వెంటనే ఆమె లేచి వెళ్లి సామాన్ల గది తలుపు వేయడం కూడా నిజమే. అది మేస్త్రీ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం కింది వాటాలో ఉండే దర్జీ మెట్లెక్కి వచ్చాడు. "మేస్త్రీ, మీ ఇంట్లో ఏదన్నా విమానం దిగిందా?"

"ఏం దిగింది?"

"విమానం. మధ్యాహ్నం నుంచీ ఒకటే ఈల."

"నీ మిషనుకి నూనె వేసి ఎన్నాళ్లయింది?" అన్నాడు మేస్త్రీ. దర్జీ కోడలి వంక చూశాడు. కోడలు కళ్లతోనే వద్దని చెప్పింది. దర్జీ వెళ్లిపోయాడు.

తర్వాతి రోజుల్లో ఇంట్లో కొన్ని మార్పులొచ్చాయి. సామాన్ల గది గుమ్మానికి పాత దుప్పటి వేలాడింది. తలుపు కింది సందులో తువ్వాలు చుట్టి పెట్టారు. కోడలు చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాటిమీద రెండు అరచేతులూ ఒత్తుకుని కూర్చునేది. దుమ్ము రాకుండా కాబోలు, చలికి కాబోలు అనుకున్నాడు మేస్త్రీ. రోజుకి రెండుసార్లు దుప్పటి తప్పించుకుని లోపలికెళ్లి పెట్టె మీద అరచేయి ఆనించి వచ్చేవాడు.

"ఎట్లా ఉంది నీ ఏనుగు?" అనేది భార్య.

ఆయన గాలిలో చూపుడువేలు చుట్టేవాడు. నడుస్తోంది.

గడువు చివరికొచ్చిన రోజు మధ్యాహ్నం మేస్త్రీ హాల్లో బూట్లకు లేసులు కట్టడం చిట్టికి నేర్పుతున్నాడు. జ్వరం తగ్గి పిల్ల హుషారుగా ఉంది. తల ఎత్తితే అద్దాల తలుపు అవతల కోడలు ఫోనులో మాట్లాడుతూ కనిపించింది. ఇటువైపే తిరిగి ఉంది. మేస్త్రీ కావాలని చూడలేదు. కాని ఆ పెదవులు తెరిచిన పుస్తకం. కళ్లు చదివేశాయి.

"వేగం బ్రహ్మాండంగా ఉంది. చప్పుడే సమస్య. పిట్ట గొంతుకీ ఆ ఫ్యాన్ ఈలకీ తేడా తెలియట్లేదు... మార్చమని ఎలా చెప్పను? ఎంతో ఇష్టంగా తెచ్చి పెట్టారు. మురిసిపోతున్నారు. రోజూ వెళ్లి నిమిరి వస్తారు... లేదు, నేనే వచ్చేస్తాను. ఆదివారం బయల్దేరతాను."

మేస్త్రీ చేతిలో లేసు అలాగే ఉండిపోయింది.

"తాతా, ముడి," అంది చిట్టి.

ముడి వేశాడు. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. భార్య ఉల్లిపాయలు తరుగుతోంది. ఆయన రెండు వేళ్లు కలిపి ఠక్కున విడదీశాడు. దారం తెగింది.

ఆవిడ కత్తి దించింది. "ఎక్కడ?"

ఆయన పెదవులతో, చేతులతో అంతా చెప్పాడు. ఆవిడ విన్నంతసేపూ ముఖం గంభీరంగానే ఉంది. చివరికొచ్చేసరికి మూతి దగ్గర వణికింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒళ్లంతా ఊగేలా నవ్వింది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఆ ఎముకేదో గట్టిగా కొరుకుతున్నావే అన్నాట్ట వెనకటికి. నువ్వు ఆ శంఖం కొని మరీ ఇంటికి తెచ్చావు కదయ్యా."

"నీకు మాత్రం వినపడిందా?"

"నాకు వినపడితే మొదటిరోజే దాన్ని వీధిలో పెట్టేదాన్ని." కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలకో నవ్వుకో తెలియదు. "పిల్ల ఎందుకు చెప్పలేదు?"

"నేను మురిసిపోతున్నానట."

ఆవిడ నవ్వు ఆగింది.

"పద," అందావిడ.

అద్దాల తలుపు తీసి మేస్త్రీ లోపలికెళ్లాడు. కోడలు ఫోను పెట్టేసి, మైకు ముందు కాగితాలు సర్దుకుంటోంది. సినిమాలో పిట్టల మధ్య చెప్పాల్సిన మాటల్ని ముందుగా తనే చదివి పెట్టుకుంటుంది. తెరమీద అడుగున ఒక ఆకుపచ్చ పట్టీ ఉంది. మైకులోకి చప్పుడు వెళ్తే అది లేస్తుంది, లేకపోతే పడుకుంటుంది. ఆ సంగతి ఆమే ఒకప్పుడు చెప్పింది. ఇప్పుడెవరూ మాట్లాడటం లేదు. పట్టీ సగం దాకా లేచి అక్కడే వణుకుతోంది.

మేస్త్రీ దాన్ని వేలితో చూపించాడు. "ఇది ఎవరి మాట తల్లీ?"

కోడలు పట్టీ వంక, ఆయన వంక చూసింది.

"చేసిన పనంతా కంప్యూటర్లో దాచుకున్నావా?"

"దాచాను. ఎందుకు మామయ్యా?"

ఆయన వెనక్కి తిరిగాడు. హాలు దాటి, సామాన్ల గది గుమ్మంలో దుప్పటి పక్కకి తోసి భార్య నిలబడి ఉంది. మేస్త్రీ చేయెత్తి, అరచేయి బోర్లించి, కిందికి దించాడు. మిల్లు మూసేశాక ఆ సైగ చేయడం ఇదే మొదలు. ఆవిడ లోపలికి వంగి ప్లగ్ పీకింది.

ఆకుపచ్చ పట్టీ కూలిపోయింది. అడుగున సన్నటి గీత మిగిలింది.

మేస్త్రీ వేలు చుట్టాడు. ఆవిడ ప్లగ్ పెట్టింది. ఫ్యాన్లు ఒక్కసారిగా పుంజుకున్నట్టున్నాయి, పట్టీ ఎర్రబడేదాకా ఎగిరి, తర్వాత దిగి మళ్లీ సగం దగ్గర వణికింది. చేయి దించాడు. పడిపోయింది. మగ్గాన్ని పరీక్షించినట్టు ఇంకోసారి నడిపించి, ఇంకోసారి ఆపించాడు. ఆయన చెవులకు ఏ తేడా లేదు. కళ్లకు మాత్రం కొండా లోయా కనిపించాయి.

"ఇంత గోలా?" అన్నాడు.

"కొంచెం," అంది కోడలు.

"కొంచెమా? దర్జీ విమానం అన్నాడు. నేను వాడి మిషన్ని తిట్టాను." ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. "ఆదివారం బయల్దేరతానన్నావు."

కోడలి ముఖం ఎర్రబడింది. అద్దాల తలుపు వంక చూసింది. ఇన్నేళ్లూ ఆ తలుపు వేస్తే మాట బయటికి పోదనుకుంది.

"మీకు బాధ కలుగుతుందని..."

"నువ్వు వెళ్లిపోతే నాకు సుఖంగా ఉంటుందా?" ఆయన గొంతు మామూలుగానే ఉంది. "మిల్లులో ఒక పద్ధతుండేదమ్మా. మగ్గం ఎవరిదైనా, దారం తెగినట్టు ముందు ఎవరు చూస్తే వాళ్లే చెయ్యెత్తాలి. పెద్దా చిన్నా లేదు. ఊరుకుంటే గుడ్డంతా పాడవుతుంది. ఈ ఇల్లూ అంతే. నాకు వినపడదు. నువ్వే చెయ్యెత్తాలి."

కోడలు తల ఊపింది. తర్వాత నెమ్మదిగా చేయెత్తి, అరచేయి బోర్లించి, కిందికి దించింది. వేళ్లు కాస్త వంకర పోయాయి.

"మణికట్టు తిన్నగా," అంది గుమ్మం దగ్గర్నుంచి అత్తగారు. "అట్లా చేస్తే మా షెడ్డులో టీ తెమ్మని అర్థం."

షాపావిడ పెట్టెను వెనక్కి తీసుకోవడానికి పేచీ పెట్టలేదు. చిన్న రేకు డబ్బాను చేతిలో పెట్టి, "చెప్పానుగా" అన్నమాటను పెదవుల దాకా తెచ్చుకుని మింగేసింది. మింగడం కూడా మేస్త్రీ చదివాడు.

"చెప్పారు," అన్నాడు. "వినపడింది. తలకెక్కలేదు."

ఇంట్లో మళ్లీ అర తుడిచి, తీగలు తగిలించాడు. ఈసారి దీపాలన్నీ తొలిసారికే ఆకుపచ్చగా వెలిగాయి. అరచేయి ఆనించాడు. ఏమీ లేదు. కదలిక లేదు, ఊపిరి లేదు. చేయి తీసి మళ్లీ పెట్టాడు.

"చచ్చిన చేపలా ఉంది," అన్నాడు.

"బరువు తక్కువని దిగులైతే పైన రోలు పెట్టుకో," అంది భార్య.

"పెట్టకండి," అంది కోడలు కంగారుగా. "దానికి ఫ్యాన్ లేదు కదా. ఒంటిమీదుగానే వేడి పోవాలి."

వెనక గదిలో పిట్ట చెరువు దాటి వెళ్లింది, మునుపటంత వేగంగానే వెళ్లింది. ఆకుపచ్చ పట్టీ అడుగున గీతగా పడుకుని ఉంది. కోడలు హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత ఫోను తీసింది. ఈసారి కావాలనే అద్దాల తలుపు వైపు తిరిగి, ఒక్కో మాటా విడదీసి పలికింది.

"ఆదివారం రావడం లేదు. ఇక్కడే చేస్తాను."

సాయంత్రం కొడుకు బస్సు దిగి వచ్చాడు. జరిగిందంతా విని, గోడలు అదిరేలా నవ్వాడు. పట్టీ ఎర్రబడి ఉంటుంది. "ఇప్పుడీ ఇంట్లో మిగిలిన చప్పుడు నేనేనా?" అన్నాడు. "నిన్ను కూడా షాపులో మార్చుకోవచ్చేమో కనుక్కుంటాను," అంది తల్లి. దర్జీ కూడా పైకొచ్చి, విమానం ఎగిరిపోయిందా అని అడిగి, మిషను కోసం మేస్త్రీ తెచ్చిన నూనె సీసా తీసుకుని వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ సామాన్ల గదిలోకి వెళ్లాడు. దుప్పటి లేదు, తువ్వాలు లేదు. పెట్టె మీద అరచేయి ఆనించి, ఈసారి తొందరపడకుండా ఉంచాడు. కదలిక కోసం వెతకడం మానేశాక వెచ్చదనం తెలిసింది. నిద్రపోయే చిట్టి వీపంత వెచ్చదనం.

"బాగానే ఉంది," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

వెనక గదిలో కోడలు అప్పుడే పని మొదలుపెట్టింది. ఆయన్ని చూసి, చేత్తో రమ్మంది. బల్లమీది స్పీకరు వంక చూపించింది. మేస్త్రీ దాని చెక్క పక్కన అరచేయి ఆనించాడు. ఆమె మీట నొక్కింది. తెరమీద వడ్రంగిపిట్ట ఒక మాను పట్టుకుని ముక్కుతో పొడిచింది. అరచేతిలో టకటకటక అని తగిలింది. ఆగింది. మళ్లీ తగిలింది. ఒకే తీరు, ఒకే దెబ్బ, ఎక్కడా వదులు లేదు.

"పనిమంతుడు," అన్నాడు మేస్త్రీ. "షిఫ్టుకి టైముకొచ్చాడు."

కోడలు గాలిలో చూపుడువేలు చుట్టింది.

ఆయన తల ఊపి బయటికొచ్చాడు. అద్దాల తలుపు పిడి పట్టుకుని, అలవాటు ప్రకారం విసరబోయి ఆగాడు. రెండు చేతులతో నెమ్మదిగా దగ్గరికి లాగాడు. గోడ అదరలేదు. పడిందో లేదో తెలియక, తలుపు మీద అరచేయి ఆనించి చూశాడు.

పడింది.